తడి పడుగు ముందర

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు కింది హాల్లో పెద్దవయసు వాళ్ళందరినీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, పుణె నుంచి వచ్చిన ఒక అమ్మాయి మైకు పట్టుకుని, స్ట్రెస్ అంటే ఏమిటో, దాన్ని ఏ రోజుకారోజు ఎలా తగ్గించుకోవాలో గంటసేపు చెప్పింది. చక్కని పిల్ల, మాట కూడా మెత్తన. కళ్ళు మూసుకోమంది, గాలి పీల్చి నిదానంగా వదలమంది, ఆ తర్వాత మీ జీవితంలో మిమ్మల్ని అందరికంటే ఎక్కువ ఏడిపించిన మనిషిని మనసులో ఎదురుగా నిలబెట్టుకుని ‘నిన్ను క్షమించాను, ఇక వెళ్ళు’ అని చెప్పమంది. నా చుట్టూ అందరూ బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. నేనూ మూశాను. మా మేనత్త వచ్చి నిలబడింది, నడుము మీద చెయ్యి పెట్టుకుని, దవడన ఇంత తంబాకు నొక్కుకుని. ఆమె పోయి నలభై ఏళ్ళు దాటిందేమో, నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. కళ్ళు తెరిచి, మోకాళ్ళు పట్టేశాయని వంక పెట్టి, లేచి పైకి వచ్చేశాను.

మన తరం వాళ్ళకు స్ట్రెస్ అనే మాట ఎక్కడిది. షోలాపూరులో మన తెలుగు ఇళ్ళలో దాన్ని రంది అనేవాళ్ళు. ఫలానా ఆమె రంది పెట్టుకున్నదనీ, రందితో చిక్కి సగమైందనీ, ఊరికే రంది చేసుకోవద్దనీ అనేవాళ్ళు. వినడానికి ఎంత జాలిగా ఉంటుందో చూడండి. జలుబు చేసినట్టు రంది కూడా దానంతట అదే వచ్చి మనిషిని పట్టుకుంటుందన్నట్టు మాట్లాడేవాళ్ళే గాని, ఆ రంది పెట్టిన మనిషి ఎవరని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మా అమ్మకు రంది పెట్టినది ఎవరో నాకు తెలుసు. దాజీ పేట్‌లో మా సందు మొత్తానికీ తెలుసు.

నయాపైసలు కొత్తగా చేతికి వస్తున్న రోజులవి, మన ఊరు ఇంకా బొంబాయి రాష్ట్రంలోనే ఉంది. నాకు పదేళ్ళుంటాయేమో. మా ఇంట్లో ముందు గదంతా గుంట మగ్గమే, వెనక వంట, ఆ రెంటి మధ్య మిగిలిన జాగాలో మా పడకలు. నూలు శేటుది, మగ్గం మాది. ఆ మగ్గం మీద మా నాయిన మరాఠీ ఆడవాళ్ళు కట్టుకునే తొమ్మిది గజాల చీరలు నేసేవాడు. ఆయన చిన్నతనంలోనే తల్లీతండ్రీ పోతే చంకనేసుకుని పెంచింది ఆయన అక్క. మొగుడితో పొసగక కొన్నాళ్ళకే తిరిగి వచ్చి, తమ్ముడి ఇంటికి తనే పెద్దదిక్కై ఉండిపోయింది. అదే మా మేనత్త. ఆమె పడ్డ కష్టం తక్కువేమీ కాదు, కాదని నేననను. కాకపోతే, కష్టపడ్డ మనిషికి మనసు మెత్తబడుతుందని ఎవరైనా చెప్పినప్పుడల్లా, వాళ్ళను తీసుకుపోయి ఒక్క పూట మా అత్త ముందు కూర్చోబెట్టాలని నాకనిపించేది.

నాయిన సంగతి వేరు. నేసేవాడి చెయ్యి ఏ రోజు ఎలా ఉందో గుడ్డ దాచిపెట్టదు. మనసు కుదురుగా లేని రోజు దెబ్బ ఒకటి గట్టిగా, ఒకటి వట్టిగా పడుతుంది, చీరను వెలుతురుకు పట్టి చూస్తే ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా అడ్డంగా చారలు తేలతాయి. శేటు చీర పరిచి ఆ చారల మీద వేలు పెట్టి, పదిమందిలో నానా మాటలూ అనేవాడు. అక్కడ తలవంచుకుని నిలబడ్డ మనిషి ఇంటి గడప దాటగానే పళ్ళెం విసిరేవాడు. అమ్మ ఆ పళ్ళెం తీసుకుని ఏమీ అనలేక నా వీపు మీద ఒకటి వేసేది, నేను వెళ్ళి తమ్ముణ్ణి గిల్లేదాన్ని, వాడు పోయి పక్కింటి మేకపిల్ల చెవి మెలిపెట్టేవాడు. అలా శేటు కోపం రోజూ మా ఇంటి మీదుగా నడిచి మేకదాకా వెళ్ళేది. మేకపిల్ల ఏం చేసేదో నాకు తెలియదు.

అత్త మాత్రం ఏనాడూ పళ్ళెం విసరలేదు, కేక వేయలేదు. కేకలు వేసినా బాగుండేది, అయిపోయిందని తెలిసేది. ఆమెది సన్నని గొంతు, చేటలో రాళ్ళు ఏరుతున్నట్టుగా పొద్దున మొదలుపెడితే దీపాలవేళ దాకా తెగేది కాదు. ఉప్పు ఎక్కువైందంటుంది, ఉప్పు తగ్గిస్తే మీ అవ్వ చేతికూడు ఇలాగే ఉండేదా అంటుంది, అమ్మ నడిస్తే నడకకు పేరు పెడుతుంది, నడవకపోతే కూర్చోవడానికి పేరు పెడుతుంది. అమ్మ కరీంనగరం వైపు పల్లె నుంచి పదిహేనేళ్ళ పిల్లగా ఆ ఇంటికి వచ్చింది. ఆ గొంతు ఒక్క పూటైనా ఆగడం ఆమె ఎన్నడూ ఎరగదు.

మెల్లగా అమ్మ చేతులు వణకడం మొదలైంది. మొదట చాయ్ గిలాసలో తెలిసింది, తర్వాత బీడీల్లో. మగ్గానికి కండెలు చుట్టి, వంట చేసి, మిగిలిన పొద్దంతా అందరాడవాళ్ళలాగే అమ్మ కూడా చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. వేళ్ళు వణికితే ఒకటి మరీ బిగుసుకుపోతుంది, పీలిస్తే పొగ రాదు, ఇంకొకటి వదులై ఊడిపోతుంది. కార్ఖానాలో చూసి తీసుకునేవాడు అలాంటివి ఛాట్ అని పక్కకు తోసేస్తాడు. అమ్మ చుట్టినవి సగం ఛాట్ కిందికే పోతున్నాయని అత్త సందంతా చాటింది. రాత్రిళ్ళు నిద్ర లేదు, తిన్నది ఇమడదు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. అది చాలు అత్తకు. ఎక్కడినుంచో దేవరుషిని, అంటే దయ్యాలు వదిలించే మరాఠీ మంత్రగాణ్ణి, పిలిపించింది. వాడు నిమ్మకాయలు కోసి, పొగ వేసి, ఒంట్లో ఏదో చేరిందన్నాడు. చేరినదాని పేరు అడిగితే నేనే చెప్పి ఉండేదాన్ని.

ఆ తర్వాత మా ఇంట్లో కొత్త మాట పుట్టింది. కొన్నాళ్ళు పుట్టింటికి పంపితే గాలి మార్పుకు నయమవుతుందట, పిల్లలు ఇక్కడే ఉంటారట. మంచిమాటలాగే ఉంటుంది. కానీ మా సందులో అలా నయమవడానికి వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళు మళ్ళీ రాలేదు, దసరా దాటేలోగా ఆ ఇళ్ళల్లో వేరే ఆడవాళ్ళు పొయ్యి ముట్టించారు. వాళ్ళు వదిలివెళ్ళిన పిల్లలతో నేను గవ్వలాడేదాన్ని, కాబట్టి పుట్టిల్లంటే ఏమిటో నాకు బాగా తెలుసు. రాత్రి పడుకునేటప్పుడు అమ్మ కొంగు నా మణికట్టుకు చుట్టుకుని ముడి వేసుకునేదాన్ని. అమ్మ చూసి కూడా విప్పేది కాదు.

ఆడవాళ్ళకు ఈ రంది తగ్గించుకునే ఉపాయాలు అప్పుడు లేవనుకోకండి. ఎదురింటి పెద్దవ్వ అరుగు మీద మధ్యాహ్నం పూట పదిమంది చేటలతో చేరేవాళ్ళు. అక్కడొక రివాజు ఉండేది. బీడీకి దారం కట్టేటప్పుడు తనను ఏడిపించిన మనిషి పేరు చెప్పి ముడి బిగించడం. ఇది శేటుది, ఇది ఛాట్ తీసేవానిది, ఇది మా ఆడబిడ్డది అని ఒక్కొక్కరూ చెబుతుంటే మిగిలినవాళ్ళు ఘొల్లుమనేవాళ్ళు. ఏ ఊళ్ళోనో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు దాన్ని ముట్టించి, గుంజి, బూడిద చేసి, చెప్పుకింద నలిపి పారేస్తాడని పెద్దవ్వ చెప్పేది. కళ్ళు మూసుకుని గాలి పీల్చడం కంటే నాకు ఇప్పటికీ ఆ వైద్యమే నచ్చుతుంది. అమ్మ అక్కడ కూర్చునేది గాని ఎవరి పేరూ చెప్పేది కాదు. పెద్దవ్వ గుచ్చి గుచ్చి అడిగినా తలవంచుకుని నవ్వి ఇంకో ఆకు అందుకునేది. దేవరుషి వచ్చి వెళ్ళాక అత్త ఆ అరుగు కూడా ఎక్కనివ్వలేదు.

పడుగు గురించి చెప్పాలి ఇక్కడ, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. మగ్గానికి ఎక్కించే నిలువు దారాల వరస అది. మగ్గం ఎక్కించే ముందు దాన్ని తెల్లవారగానే సందు పొడుగునా చాపి, కర్రల మీద నిలిపి, అటూ ఇటూ మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. ఎండ ముదరక ముందే అయిపోవాలి, లేకపోతే దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒక ఇంటి మనుషులతో అయ్యే పని కాదు. అందుకే ముందురోజు సాయంత్రం ఆ ఇంటి కోడలు ఇంటింటికీ పోయి బొట్టుపెట్టి పిలిచేది, కోడలు పిలిస్తేనే వచ్చేవాళ్ళు. ఇంకొక నియమం కూడా ఉండేది. తడి పడుగు ముందర ఎవరూ గొంతెత్తకూడదు. గొంతెత్తితే దారాలు పుటుక్కుమంటాయని నమ్మకం. నిజానికి కోపం వచ్చినవాడి చెయ్యి అదురుతుంది, కుంచె అదిరితే దారం తెగుతుంది, అంతే. కాని పుట్టెడు పగలున్న ఇళ్ళవాళ్ళు కూడా ఆ ఒక్కపూట చిరునవ్వుతో ఎదురుబొదురుగా నిలబడేవాళ్ళు.

ఆ చలికాలం పొద్దున మా పడుగు సందులో చాపారు. ఒక కొస గుంజకు కట్టేశారు, రెండో కొస తాడు అమ్మ చేతిలో ఉంది. ఆ తాడును ఇంకొక గుంజకు మెలికలు వేసి పట్టుకుని, గంజి తడికి దారాలు సాగినప్పుడు లాగుతూ, ఆరుతున్నప్పుడు వదులు చేస్తూ ఉండాలి. చేతులు వణికే మనిషికి ఆ పని ఎందుకిచ్చారని మీరడగవచ్చు. తాడు పట్టినప్పుడు అమ్మ చేతులు వణికేవి కావు, ఆ సంగతి నాయినకు తెలుసు. ఆయన కుంచె పట్టుకుని అమ్మకు దగ్గరగా మొదటి వరసలో ఉన్నాడు. నేను వాళ్ళకు నాలుగడుగుల్లో గంజి కుండ దగ్గర ఉన్నాను. అత్త మెల్లగా నడిచివచ్చి అమ్మ పక్కన నిలబడి, అందరూ చూస్తుంటే ఆమె కొంగు సర్దుతున్నట్టుగా వంగి, నవ్వు మొహంతోనే చెప్పింది.

“కబురు పంపిన. రేపటి బండికి మీ అన్న వస్తుండు. బట్టలు మూటగట్టుకో. పిల్లల ఫికర్ నీకెందుకు, నేనున్న గద.”

ఆ మాట అక్కడే చెప్పాలని ఆమె ఎంతకాలం నుంచి ఎదురుచూసిందో. తడి పడుగు ముందర ఎవరూ ఎదురు మాట్లాడరు, తాడు పట్టుకున్న మనిషి కదలడానికి లేదు, ఏడవడానికి కూడా లేదు. అంతా సరిగ్గానే లెక్క వేసుకుంది. అమ్మ నాయిన వైపు చూసింది. ఆయనకు వినబడింది. వినబడినా ఏమిటని అడగకుండా కుంచెను గంజిలో ముంచుకున్నాడు. అంటే ఆయనకు ముందే తెలుసు. మా అత్తను ఎంత తిట్టుకున్నా, ఆ కుంచె ముంచడం గుర్తొచ్చినప్పుడల్లా నాకు నాయిన మీదే ఎక్కువ కోపం వస్తుంది.

అమ్మ ఏడవలేదు. గుంజ చుట్టూ ఉన్న తాడు మెలికలను ఒకటి, మళ్ళీ ఒకటి, నిదానంగా విప్పింది. విప్పి వదిలేసింది.

సందు పొడుగునా ఉన్న పడుగు ఒక్కసారి కుంగి, కర్రల మీద నుంచి జారి, తడి గంజితో సహా దుమ్ములో పడింది. కర్రలకు తగులుకుని వందల దారాలు తెగిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. శేటు నూలు, ఒక మగ్గానికి రెండు నెలల పని. అమ్మ గొంతు కూడా ఎత్తలేదు, నియమం తప్పలేదు. నేను యాడికి పోను అని మాత్రం అంది.

అప్పుడు, నా పుట్టుకలో మొదటిసారి, మా అత్త అరవడం విన్నాను. దయ్యం పట్టిందంటే ఎవరైనా విన్నారా, ఇప్పుడు చూడండి అని గుండెలు బాదుకుంది. నాయిన కుంచె పారేసి చెయ్యెత్తి వచ్చాడు, వచ్చి ఎందుకో ఆగిపోయాడు. సందులో వాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. పడుగు ఎత్తడానికి ఒక్కరూ వంగలేదు. ఎండ ఎక్కుతోంది, గంజి ఆరితే ఆ నూలు దేనికీ పనికిరాదు. లేపండని అత్త ఒక్కొక్కరి పేరూ పెట్టి పిలిచింది. ఎదురింటి పెద్దవ్వ చీర మీద పడ్డ గంజి తుడుచుకుంటూ, కట్టెను విరిచినట్టు జవాబిచ్చింది.

“మమ్ముల పిలిచింది నీ మరదలు. ఆమె మల్ల పిలుస్తే వస్తం.”

నాయిన నేల మీద పడ్డ పడుగును చూశాడు, అక్కను చూశాడు, చివరికి అమ్మ దగ్గరికి వచ్చి తల పక్కకు తిప్పుకుని పిలువు అన్నాడు. మా అన్న వస్తే వెనక్కి పొమ్మని నువ్వే చెప్పాలి అంది అమ్మ. ఆయన గొంతులోనే గొణిగినట్టు సరే అన్నాడు. అమ్మ అక్కడితో వదల్లేదు.

“గట్టిగ చెప్పు. అందరికి వినబడాలె.”

అందరికీ వినబడేలా చెప్పాడు, ఈమె ఎక్కడికీ పోదని, పుట్టింటికి తోలేది లేదని. చెబుతున్నప్పుడు ఆయన మొహం శేటు ముందు నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది, నాకు జాలి వేయలేదు. అప్పుడు అమ్మ సందులో వాళ్ళవైపు తిరిగి, చేతులు రెండూ జోడించి, రండి అని పిలిచింది. అందరూ ఒక్కసారిగా కదిలారు. నీళ్ళు చల్లి దుమ్ము కడిగారు, కర్రలు నిలిపారు, తాడు మళ్ళీ అమ్మ చేతికే ఇచ్చారు.

తెగిన దారాలను ముడివేసి అతకడానికి ఎన్ని రోజులు పట్టిందో నాకు గుర్తులేదు. అమ్మ గడప దగ్గర కూర్చుని ఒక్కొక్క కొసా వెతికి ముడి వేసేది, దారం కొసలు అందివ్వడానికి అత్తను కూర్చోబెట్టాడు నాయిన. అందివ్వడం, అందుకోవడం తప్ప ఆ ఇద్దరి మధ్యా మాట లేదు. ఆ రోజుల్లో మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, గోడ అవతల పక్కింటివాళ్ళ మగ్గం చప్పుడు మొదటిసారి సరిగ్గా విన్నాను. మేనమామ మరునాడు బండికి వచ్చాడు. ఊరికే చూసిపోతావని కబురుపెట్టామని నాయిన అబద్ధమాడాడు. మామ జొన్నరొట్టె తిని, చెల్లెలి మొహంలోకి ఒకసారి చూసి, నా చేతిలో పుట్నాల పొట్లం పెట్టి, ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వాళ్ళు కలిసిపోయారని రాస్తే మీకు హాయిగా ఉంటుంది, కానీ కలవలేదు. ఒకే పొయ్యి మీద వండిన కూడు తింటూ, ఒకే కుండలో నీళ్ళు ముంచుకుంటూ అత్త చచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడలేదు. అమ్మ చేతుల వణుకు కూడా పూర్తిగా పోలేదు. పోయిందంటే ఇది ఆ మైకు పిల్ల చెప్పే కథ అవుతుంది. గిలాస పట్టుకుంటే చాయ్ తొణికేది చివరిదాకా. కానీ అమ్మ మళ్ళీ ఎదురింటి అరుగు ఎక్కింది. ఎవరి పేరు చెబుతావని పెద్దవ్వ మామూలుగా అడిగితే, మా వదినెది అని ముడి బిగించింది, ఇంకొకటి చుట్టి ఇది మా ఇంటాయనది అంది. ఆడవాళ్ళు నవ్వి నవ్వి చేటలు కింద పెట్టేశారు. రాత్రుళ్ళు ఆమెకు నిద్ర పట్టేది. నేను కొంగు చుట్టుకోవడం మానేశాను. కోపాన్ని వదిలేస్తేనే మనిషి బాగుపడుతుందని ఎవరెంత చెప్పినా నేను నమ్మను, మా అమ్మ ఆ కోపాన్ని పట్టుకునే ఆ ఇంట్లో బతికి బట్టకట్టింది.

ఇప్పుడు దాజీ పేట్‌కు వెళితే ఆ సందులో నిలువునా మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉంటాయి. నూలుకు గంజి మిషన్లే పట్టిస్తాయి, కుంఠా నాకా వైపు మరమగ్గాల మోతలో పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినబడదు. అరుగులు పోయాయి. నేనిప్పుడుంటున్న అపార్టుమెంటు మంచిదే, లిఫ్టు ఉంది, నీళ్ళకు కరువు లేదు, గోడలు గట్టివి. పోయిన నెల మా కింది అంతస్తులో ఉండే తెలుగుపిల్లను, మూడేళ్ళ కొడుకు తల్లిని, ఆమె అన్న వచ్చి రెండు సంచులతో ఆటోలో తీసుకుపోయాడు. పిల్లవాణ్ణి పంపలేదు. ఆరోగ్యం బాగుండక పుట్టింటికి వెళ్ళిందని, తర్వాత అడిగితే, ఆ పిల్ల అత్తగారు చెప్పింది, వాచ్‌మన్ చెబితే తప్ప అసలు వెళ్ళిన సంగతే మాకు తెలియలేదు. లిఫ్టు వాళ్ళ అంతస్తులో ఆగినప్పుడు ఆ పిల్ల తాళంచెవి తలుపు రంధ్రంలో పెట్టలేక తడుముకోవడం నేను చూసినదాన్నే. పిలిస్తే కర్ర పట్టుకునైనా దిగి వెళ్ళేదాన్ని. ఆమె మమ్మల్ని ఏమని పిలుస్తుంది, ఎక్కడ నిలబడి పిలుస్తుంది. ఆ పిల్ల వెళ్ళిపోయిన మధ్యాహ్నం మా బిల్డింగులో ఎవరి పనీ ఒక్క నిమిషమైనా ఆగలేదు.